నిలబడే ఉండమన్న కోచ్ గారు

పోయిన శనివారం ఉదయం మా మనవరాలిని ఫుట్‌బాల్ ప్రాక్టీసుకి తీసుకెళ్ళే వంతు నాకు పడింది. మా అమ్మాయికి రోటా మారి వీకెండ్ డ్యూటీ వేశారు, అల్లుడు ఆఫీసు పనిమీద లండన్ పక్కనున్న స్లౌ వెళ్ళాడు, ఇక డెబ్భై దాటిన ఈ అమ్మమ్మే గతి అయింది. మాంచెస్టర్ వాన సంగతి ఇక్కడ కాపురం చేసిన మనవాళ్ళకి కొత్తగా చెప్పేదేముంది, ఎండ వచ్చినట్టే వచ్చి ముసురు పట్టింది. పార్కు అంచున గొడుగు వేసుకుని, ఫ్లాస్కులో పోసి తెచ్చుకున్న టీ తాగుతూ, మోకాళ్ళదాకా బురద పులుముకుని పరుగెడుతున్న ఆడపిల్లల్ని చూస్తూ నిలబడ్డాను. ఇంతలో ఇద్దరు పిల్లలు ఢీకొన్నారు. ఒకతె కింద పడి కాలు పట్టుకుని ఏడుస్తుంటే పెద్దవాళ్ళమంతా అటు పరుగెత్తాం. కోచ్‌గా ఉన్న అమ్మాయికి నిండా పాతికేళ్ళుండవు, పడిన పిల్ల కాలు ఒకసారి తడిమి చూసి, తల్లికి అప్పగించి, నేరుగా రెండో పిల్ల దగ్గరికి వెళ్ళింది. ఆ పిల్ల దూరంగా, ఎవరూ పట్టించుకోకుండా, పాలిపోయిన ముఖంతో నిలబడి ఉంది. ఆ బురదలోనే మోకాళ్ళమీద కూచుని, దాని రెండు చేతులూ పట్టుకుని, కోచ్ ఏదో మెల్లగా చెప్పసాగింది.

ఇంటికి తిరిగి వస్తూ కారులో మనవరాలిని అడిగాను, పడిన పిల్లకి ఎలా ఉందే అని. "షీ ఈజ్ ఫైన్, అమ్మమ్మా. జస్ట్ ఎ బ్రూజ్" అని తేలిగ్గా అనేసి కిటికీ అద్దం మీద వేలితో బొమ్మలు గీసుకుంటూ కూచుంది. నేను మాత్రం ఆ రోజంతా వేరే లోకంలో ఉన్నాను. పడినవాడి దగ్గర పదిమంది ఉంటారు కదా అని, నిలబడ్డవాడి దగ్గరికి వెళ్ళే మనిషిని అంతకుముందు నా జీవితంలో ఒక్కరినే చూశాను. ఆయన చాలా ఏళ్ళు మా పక్కింటాయన. స్కాట్లాండ్ నుంచి వచ్చి ఇంగ్లండులో ఆడిన ఫుట్‌బాల్ ఆటగాడు, తర్వాత కోచ్. ఆయన పోయి ఏడాది కావస్తోంది.

నేను ఆయన్ని మొదట చూసింది పక్కింట్లో కాదు, ఆసుపత్రి వరండాలో. హైదరాబాదులో ఫిజియోథెరపీ చదివి, పెళ్ళయి, మా వారి వెంట ఈ ఊరు వచ్చిన కొత్త. ఇవాళ ఏ బస్సెక్కినా మాస్టర్స్ చదివే పిల్లలు "ఆంటీ, మీది గుంటూరు సైడా?" అని పలకరిస్తున్నారు గానీ, ఆ రోజుల్లో తెలుగు మాట వినాలంటే మా వారు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాల్సిందే, చింతపండు కావాలంటే రెండు బస్సులు మారాల్సిందే. మా వారు కౌన్సిల్లో ఇంజనీరు, నేను ఎముకల వార్డులో జూనియర్ ఫిజియోని. నా ఇంగ్లీషు వాళ్ళకి అర్థమయ్యేది, వాళ్ళ ఇంగ్లీషే నాకు సగం అర్థమయ్యేది కాదు.

ఆ చలికాలంలో ఒక సోమవారం డ్యూటీకి వెళ్ళేసరికి వార్డులో కొత్త రోగి ఉన్నాడు. ఇరవై ఏళ్ళ కుర్రవాడు, ఫుట్‌బాల్ ఆటగాడు, ఎడమ మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. ఆట తెలిసిన నర్సులు చెప్పుకుంటుంటే విన్నాను, మైదానంలో గాలిలా పరుగెత్తేవాడట, పెద్ద క్లబ్బులవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారట, మరో ఏడాదిలో పేరు మోగిపోయేదట. శనివారం ఆటలో బంతి తీసుకుని గోలు వైపు వెళ్తుంటే, అవతలి జట్టు డిఫెండర్, అంటే గోలుకి కాపలాగా వెనక ఆడేవాడు, నేలమీద జారుతూ వచ్చి బంతిని తన్నబోయాడు. దాన్ని వీళ్ళు టాకిల్ అంటారు. బంతి పోయింది, కాలూ పోయింది. రిఫరీ తప్పు ఇవ్వలేదు. బంతికే తగిలింది, పాపం కుర్రాడి దురదృష్టం అని పేపర్లన్నీ రాశాయట.

ఆ కుర్రవాడికి నడక నేర్పే పని నాది. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. చెమటలు కక్కుతూ కడ్డీలు పట్టుకుని నిలబడేవాడు గానీ అబ్బా అనేవాడు కాదు. వాళ్ళమ్మ ఒక స్కూలు వంటగదిలో పనిచేసేది, సాయంత్రం వచ్చి వాడి పక్కన కూచుని నిశ్శబ్దంగా ఊలు అల్లుకునేది. వరండాలో మాత్రం ఇంకొక మనిషి కనిపించేవాడు. పొడగరి, వెడల్పాటి భుజాలు, ఎర్రటి జుట్టు, ఒళ్ళో ద్రాక్షపళ్ళ కాగితం సంచీ. విజిటర్ల వేళంతా కుర్చీలో కూచుని, వేళ అయిపోగానే సంచీ కుర్చీమీద పెట్టేసి వెళ్ళిపోయేవాడు. లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. అన్నగారేమో, తల్లితో ఏదైనా గొడవేమో అనుకున్నాను. మన ఇళ్ళల్లో ఇలాంటివి ఎన్ని చూడలేదు!

కుర్రవాడు మొదటిసారి కర్ర సాయంతో వార్డు చివరిదాకా నడిచిన రోజు సంతోషం పట్టలేక వరండాలోకి వెళ్ళి, "మీ తమ్ముడు నడుస్తున్నాడండీ, లోపలికొచ్చి చూడండి" అన్నాను. ఆయన లేచి నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ద్రాక్షపళ్ళ సంచీ నా చేతిలో పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. సంచీ చూసి తల్లి దాన్ని చెత్తబుట్టలో పారేయించింది. అప్పుడు చెప్పింది నర్సు, అన్నా కాదు తమ్ముడూ కాదు, ఆ టాకిల్ చేసినవాడు అతనేనని. ఆ తర్వాత వరండాలో ఆయన కనిపించలేదు.

కుర్రవాడు మాత్రం ఆ రోజు నాతో ఒక మాట అన్నాడు, ఆ విషయం మీద వాడు నోరు విప్పడం అదే మొదలు. "అందరూ బంతికే తగిలిందంటున్నారు. బంతి అప్పటికే వెళ్ళిపోయింది. అతను ఆలస్యంగా వచ్చాడు. నాకు తెలుసు, అతనికీ తెలుసు. ఆ మాట ఒక్కసారి నా ఎదురుగా అంటే చాలు." నేను వాడి మడమకింద చెయ్యి పెట్టి ఎత్తమన్నాను.

వాడి కాలు అతుక్కుంది గానీ రెండోదానికంటే కాస్త పొట్టిగా అతుక్కుంది. ఏడాది తర్వాత మైదానంలోకి దిగి చూశాడని, వల్ల కాక మానుకున్నాడని విన్నాను. పిల్లలు పుట్టారు, నేను వేరే ఆసుపత్రికి మారాను, ఆ వరండా మరుగున పడింది.

కొన్నేళ్ళకి ఊరి చివర సొంత ఇల్లు కొనుక్కున్నాం. గృహప్రవేశానికి అటూ ఇటూ ఇళ్ళవాళ్ళనీ పిలిచాం. కుడిపక్కింటి దంపతులు బిస్కట్ల డబ్బా పట్టుకుని వచ్చారు, ఇద్దరూ స్కాట్లాండ్ వాళ్ళు. ఆయన నన్ను చూడగానే ఒక్క క్షణం తటపటాయించి, "హలో, హెన్" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. డిగ్రీ పుచ్చుకుని, పట్టుచీర కట్టుకుని, సొంతింటి గుమ్మంలో నిలబడ్డదాన్ని పట్టుకుని కోడిపెట్ట అంటాడేమిటి అనుకున్నాను. ఆడవాళ్ళని ఆప్యాయంగా అలా పిలవడం వాళ్ళ ఊరి అలవాటని తర్వాత ఆయన భార్య చెప్పి నవ్వించింది. అంతలో మా వారు గుమ్మం ముందు రాతిమీద కొబ్బరికాయ కొట్టారు. ఠప్పున పగిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన చేతిలోని డబ్బా జారి, బిస్కట్లు దారంతా చెల్లాచెదురయ్యాయి. రెండు చేతులతో గేటు పట్టుకుని, కళ్ళు మూసుకుని, వంగిపోయి నిలబడ్డాడు. గుండెపోటేమోనని నేను పరుగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకుని చూశాను. ఆ ముఖం అలా పాలిపోవడం చూశాక గుర్తుపట్టాను, వరండాలో మనిషి.

మర్నాడు ఆయన భార్య క్షమాపణ చెప్పడానికి వచ్చింది. టీ కలిపి ఇచ్చాను, ఆవిడ కప్పు పట్టుకుని తాగకుండా కూచుంది. "ఎముక విరిగినప్పుడు మైదానమంతా వినపడిందట. ఆయనకి ఇప్పటికీ వినపడుతుంది. మా ఇంట్లో పొయ్యిలోకి పుల్ల విరవాలన్నా ఆయన బయటికెళ్ళాక విరుస్తాను" అంది. ఆ తర్వాత మేమూ అంతే, పండగనాడు కొబ్బరికాయ కొట్టాలంటే పక్కింటి కారు బయటికి వెళ్ళిందో లేదో చూసుకుని కొట్టేవాళ్ళం. మా పిల్లలకి అదీ పూజలో ఒక భాగమే అన్నట్టు అలవాటైపోయింది.

మెల్లమెల్లగా ఆయన కథ మాకు తెలిసింది. మా వారికీ ఆయనకీ గోడమీది స్నేహం కుదిరింది, ఆదివారం సాయంత్రాలు ఇటు మా వారు టీ కప్పుతో, అటు ఆయన పైపుతో. గ్లాస్గోకి దూరంగా బొగ్గు గనుల పల్లెలో పుట్టాడు. తండ్రి గనిలో పనిచేసేవాడు, దగ్గుతో పోయాడు. ఐదుగురు పిల్లల్లో ఈయన కాళ్ళే కుటుంబానికి ఆశ. పదిహేనో ఏట ఒక క్లబ్బు పిలిస్తే ఒక్కడే రైలెక్కి ఇంగ్లండు వచ్చి, పెద్ద ఆటగాళ్ళ బూట్లకి అంటిన మట్టి గీకుతూ, జనం వెళ్ళాక స్టాండులన్నీ ఊడుస్తూ, అద్దెకుండే ఇంటి ముసలావిడ పెట్టే ఉడకబెట్టిన బంగాళాదుంపలు తింటూ ఆట నేర్చుకున్నాడు. తన యాస ఎవరికీ అర్థం కాక మొదటి ఏడాదంతా దాదాపు మూగవాడిలా గడిపాడట. ఆ మాట చెప్పినప్పుడు నా వైపు చూసి, "నీకు తెలుస్తుంది ఇది" అన్నాడు. తెలుసు మరి. ఇరవయ్యో ఏడు నిండేసరికి జట్టులో స్థిరపడ్డాడు. ఇతన్ని దాటడం గోడని దాటడమే అనేవారట. స్కాట్లాండ్ దేశపు జట్టులోకి తీసుకుంటారని కూడా అనుకున్నారు. ఆ శనివారం వచ్చింది. అప్పుడాయనకి ఇరవై ఆరు.

ఆ తర్వాత ఆయన మళ్ళీ టాకిల్ చేయలేకపోయాడు. తప్పు లేదని అందరూ చెప్పిన మనిషికి కాలు ముందుకు పడేది కాదు. ఎదుటివాడు బంతితో వస్తుంటే ఈయన అరక్షణం ఆగిపోయేవాడు, ఆ అరక్షణంలో గోలు పడేది. ఒకప్పుడు పేరు పెట్టి పాడిన జనమే తిట్టడం మొదలుపెట్టారు. క్లబ్బు ఆయన్ని చిన్న క్లబ్బుకి అమ్మేసింది, అది ఇంకా చిన్నదానికి. ముప్ఫై దాటకుండానే ఆట ముగిసింది. రెండేళ్ళు ఇళ్ళకి రంగులు వేశాడు. మా ఇంటి ముందు తలుపు ఆకుపచ్చ రంగు ఆయన వేసిందే, ఎంత చెప్పినా కూలి తీసుకోలేదు, పులిహోర మాత్రం డబ్బా నిండా పట్టుకెళ్ళాడు.

పిల్లలకి ఆట నేర్పడంతో మొదలై, సహాయకుడిగా చేసి, చివరికి మా పక్క ఊళ్ళో ఒక చిన్న క్లబ్బుకి కోచ్ అయ్యాడు. నిజం చెప్పాలంటే ఆటగాడిగా కంటే కోచ్‌గానే ఆయన పేరు ఎక్కువమందికి తెలుసు, కొంత మంచిగా, కొంత వింతగా. ఆయన జట్టులో డిఫెండర్లు నేలమీద జారకూడదు. "స్టే ఆన్ యువర్ ఫీట్!" అని గీతపక్కన నిలబడి గొంతు చించుకుని అరిచేవాడు, నిలబడే ఉండండి, ఎదుటివాడితో పాటు పరుగెత్తండి, వాడు పొరబాటు చేసేదాకా ఆగండి అని. మా వీధి పిల్లలు ఆ అరుపుని అచ్చంగా అనుకరించేవాళ్ళు. ఎవరికైనా దెబ్బ తగిలితే పడినవాడి దగ్గరికి డాక్టరు పరుగెత్తేవాడు, ఈయన మాత్రం వానలో అడ్డంగా నడుచుకుంటూ వెళ్ళి, ఢీకొట్టినవాడి మెడచుట్టూ చెయ్యి వేసి, పక్కకి తీసుకెళ్ళేవాడు, వాడు తనవాడైనా సరే, పరాయివాడైనా సరే. ఇదేం చాదస్తమని పేపర్లవాళ్ళు వెక్కిరించారు. ఆయన జట్టు గెలుస్తూ వచ్చింది కాబట్టి వెక్కిరింత వెక్కిరింతగానే ఆగింది.

ఆ రోజుల్లోనే ఒకసారి, నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే గోడ అవతల నుంచి ఆయన గొంతు వినిపించింది. "హెన్, ఆ రోజు వార్డులో... వాడు సరిగ్గా నడిచాడా?" అన్నాడు. అన్నేళ్ళ పరిచయంలో ఆ మాట ఎత్తడం అదే. నా చేతిలో తడి చీర. రోగి సంగతి బయట చెప్పకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం, అది నాకు ఉద్యోగ నియమమే కాదు, ఒట్టులాంటిది. "ఆ సంగతి నేను చెప్పకూడదండీ" అన్నాను. ఆయన తల ఊపి, "అవునవును, అడగకూడదు, నాదే పొరబాటు" అంటూ లోపలికి వెళ్ళిపోయాడు. మరి అడగలేదు.

విధి అనండి, ఈ ఊరు చిన్నదనండి, ఆ కుర్రవాడు నాకు మళ్ళీ తగిలాడు. అప్పటికి మాంచెస్టర్‌లో ట్రాములు వచ్చాయి, అతను ట్రామ్ డ్రైవరు. నేను ఆసుపత్రికి వెళ్ళే స్టాపులోనే అతని డ్యూటీ మారేది. ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ వచ్చి, "మీ ఎక్సర్‌సైజులు ఇంకా చేస్తున్నాను" అని నవ్వేవాడు. పెళ్ళయింది, ఇద్దరు కూతుళ్ళు. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను, ఆ స్కాట్లాండాయన మా పక్కింట్లోనే ఉంటాడు, నువ్వు బాగున్నావని ఒక్క మాట చెప్పనా అని. అతని ముఖం బిగుసుకుపోయింది. "వద్దు" అన్నాడు. "ఆలస్యంగా వచ్చానని ఆయన నోటితో ఆయన వచ్చి చెప్పాలి. అప్పటిదాకా నేను బాగున్నానన్న సంగతి ఆయనకి అక్కర్లేదు." ట్రామ్ వచ్చింది, అతను ఎక్కి తలుపు వేసుకున్నాడు.

అలా పక్కింట్లో ఒకరూ స్టాపులో ఒకరూ, మధ్యలో నేను. ఒకరికి ఏం కావాలో తెలుసు, రెండోవారి దగ్గర అది ఉందనీ తెలుసు. ఇంట్లో మా వారికి కూడా చెప్పడానికి వీల్లేని సంగతి. గోడ అవతల ఆయన పైపు వాసన వచ్చినప్పుడల్లా ఏదో పని కల్పించుకుని లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

తర్వాత లండన్‌లోని పెద్ద స్టేడియం, వెంబ్లీలో ఆట వచ్చింది. ఆయన చిన్న క్లబ్బు ఏడాదంతా గెలిచి, పై స్థాయికి వెళ్ళడానికి ఆఖరి ఆట ఆడటానికి అక్కడిదాకా వెళ్ళింది. మేమూ వెళ్ళాం, స్లౌలో మా ఆడపడుచు ఇంట్లో దిగి, మా వారు క్లబ్బు కండువా మెడకి చుట్టుకుని, నేను చీరమీద రెండు స్వెట్టర్లు వేసుకుని. అంత జనాన్ని నేను ఎప్పుడూ చూడలేదు, దూరంగా గీతపక్కన ఆయన చీమంత కనిపించాడు. ఆట సరిసమానంగా సాగి ఆఖరి నిమిషానికి వచ్చింది. అవతలివాడొకడు బంతి తీసుకుని ఒంటరిగా గోలు వైపు దూసుకొచ్చాడు, పక్కనే మనవాడు, చిన్నవాడు, పరుగెడుతున్నాడు. నేలమీద జారితే బంతి అందుతుంది. కాలూ అందుతుందేమో. స్టేడియమంతా లేచి నిలబడి జారమని అరిచింది, మా వారూ అరిచారు. ఆ అబ్బాయి జారలేదు. నేర్పినట్టే నిలబడి, పక్కన పరుగెత్తుతూనే ఉన్నాడు. గోలు పడింది.

మర్నాడు పేపర్లన్నీ కోచ్‌నే తిట్టాయి. మొండి పట్టుదలతో ఊరి కల చెడగొట్టాడన్నారు. నెల తిరక్కుండా క్లబ్బు ఆయన్ని పొమ్మంది. ఆదివారం సాయంత్రం గోడ దగ్గర మా వారు ఎంతో జాగ్రత్తగా, ఆ ఒక్కసారికి జారి ఉంటే బాగుండేదేమో అన్నారు. ఆయన పైపు వెలిగించుకుని, "ఆ పిల్లలిద్దరూ సొంత కాళ్ళమీద ఇంటికి వెళ్ళారు" అన్నాడు.  ఆ తర్వాత పెద్ద క్లబ్బులేవీ ఆయన్ని పిలవలేదు. స్కూలు పిల్లలకి నేర్పుతూ మిగతా ఏళ్ళు గడిపేశాడు.

ముసలితనం మా రెండిళ్ళకీ ఒకేసారి వచ్చింది. మా వారు ఆరేళ్ళ కిందట పోయారు. కోచ్ గారికి మతిమరుపు మొదలైంది, తడిసి బరువెక్కిన తోలు బంతుల్ని అన్నేళ్ళు తలతో కొట్టడం వల్లనో, వయసువల్లనో డాక్టర్లు కచ్చితంగా చెప్పలేకపోయారు. ముందు తాళంచెవులు, తర్వాత వీధులు, తర్వాత మా వారు పోయిన సంగతి. వచ్చి తలుపు కొట్టి మా వారిని టీకి రమ్మని పిలిచేవాడు. చివరికి భార్య పేరూ పోయింది. ఆవిడ మోయగలిగినన్నాళ్ళు మోసి కేర్ హోమ్‌లో చేర్పించింది. వారానికి రెండుసార్లు ఆవిడతో పాటు నేనూ వెళ్ళేదాన్ని. స్కాట్లాండ్ పోయింది, గనులు పోయాయి, ఆడిన ఆటలు, గెలిచిన కప్పులు, వెంబ్లీ, పేపర్ల తిట్లు అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఆ చప్పుడు మాత్రం పోలేదు. ఎవరైనా బిస్కట్ విరిస్తే ఉలిక్కిపడి కుర్చీ చేతులు పట్టుకునేవాడు. అందుకని అక్కడి అమ్మాయిలు ఆయనకి మెత్తని కేకు ముక్కలే ఇచ్చేవాళ్ళు. టీ తెచ్చిన అమ్మాయిని, నేల తుడిచే ఆయన్ని, నన్ను, సొంత భార్యని కూడా ఒకటే అడిగేవాడు: "ఆ కుర్రాడి కాలు ఎలా ఉంది?" నిన్న జరిగినట్టు, ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళినట్టు. ఎవరికీ ఏమీ అర్థం కాక బాగుంది లెమ్మనేవారు. ఆయన నమ్మేవాడు కాదు. అన్నీ మరిచిపోవడం ఒక వరం అంటారు గానీ, అన్నీ పోయి ఆ ఒక్కటీ మిగలడం ఎలాంటిదో నేను కళ్ళారా చూశాను.

ఆ కుర్రవాడు రిటైరై ఊళ్ళోనే ఉన్నాడు, అతనికీ అరవై దాటాయి. అప్పుడప్పుడు సర్జరీలో, అంటే మా పేట డాక్టరు క్లినిక్‌లో, వంతు కోసం కూచున్నప్పుడు కనిపించేవాడు. ఒక ఉదయం అతని పక్కన కూచుని, రోజూ అడుగుతున్నాడయ్యా నీ గురించి, అని చెప్పాను. అతని సంగతి ఆయనకి చెప్పొద్దన్నాడు గానీ ఆయన సంగతి అతనికి చెప్పొద్దని ఎవరూ అనలేదు కదా. అతను గోడమీది పోస్టరు చూస్తూ, "వెంబ్లీకి నేనూ వెళ్ళాను, తెలుసా" అన్నాడు. "ఆయన ఓడిపోతే చూద్దామనే టికెట్ కొనుక్కున్నాను. ఆ పిల్లవాడు జారకుండా పరుగెత్తుతుంటే, అది ఎవరి కోసమో ఆ స్టేడియంలో నా ఒక్కడికే తెలుసు. ఆయన ఓడిపోయాడు, నాకు సంతోషం రాలేదు."  పేరు పిలిచారు, లేచి లోపలికి వెళ్ళాడు.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం కేర్ హోమ్‌కి వచ్చాడు. తడిసిన రెయిన్‌కోటు విప్పకుండా గుమ్మంలోనే ఆగిపోయాడు. కోచ్ గారు కిటికీ పక్కన కుర్చీలో, భార్య పక్కన, ఎదురుగా నేను. ఆవిడ ఎవరని కళ్ళతో అడిగింది, నేను చెప్పాను. ఆవిడ లేచి తన కుర్చీ అతనికి ఇచ్చి గోడకి ఆనుకుని నిలబడింది.

కోచ్ గారు అతన్ని మర్యాదగా చూసి, ఎవరో అనుకుని, "రా బాబూ, కూచో. ఆ కుర్రాడి కాలు ఎలా ఉందో నీకేమన్నా తెలుసా?" అన్నాడు.

అతను తడి రెయిన్‌కోటుతోనే కుర్చీలో కూచున్నాడు. "బాగుంది. నడుస్తున్నాడు."

"పరుగెత్తగలడా?"

అతను తన కాలు వైపు చూసుకున్నాడు. "పరుగెత్తుతున్నాడు. గాలిలా."

 కోచ్ గారు అతని మోకాలి మీద చెయ్యి వేసి, రహస్యం చెబుతున్నట్టు ముందుకు వంగాడు. "అందరూ బంతికే తగిలిందంటారు. కాదు. నేను ఆలస్యంగా వెళ్ళాను. నాకు తెలుసు."

గోడ దగ్గర ఆయన భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నలభై ఏళ్ళలో ఆ మాట ఆవిడకీ చెప్పలేదని ఆ ముఖం చూస్తే తెలిసింది. అతను మోకాలి మీది చేతిమీద తన చెయ్యి వేశాడు. "అతనికీ తెలుసు" అన్నాడు. "ఫర్వాలేదని చెప్పమన్నాడు."

కోచ్ గారు నిట్టూర్చి వెనక్కి వాలాడు. అంతటితో ఆయనకి శాంతి దొరికిందని రాయాలని నాకూ ఉంది. టీ వచ్చింది, కప్పు అందుకుని, అతని వైపే తిరిగి, "ఆ కుర్రాడి కాలు ఎలా ఉంది బాబూ?" అన్నాడు. అతను మళ్ళీ చెప్పాడు. ఆ తర్వాత వారం వారం వచ్చాడు, ఆ ప్రశ్నకి ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు, విసుక్కోకుండా, మొదటిసారి చెబుతున్నట్టే చెప్పాడు. ఆలస్యంగా వెళ్ళాననే మాట మాత్రం కోచ్ గారి నోట మళ్ళీ రాలేదు. ఆ ఒక్క మధ్యాహ్నమే అది వచ్చింది, ఎవరి కోసం దాచుకున్నాడో వాళ్ళకే, ఎవరో తెలియకుండా చేరింది. చలికాలం చివర్లో న్యుమోనియా వచ్చి ఆయన నిద్రలో పోయాడు.

ఆయన భార్య ఇల్లు అమ్మేసి స్కాట్లాండ్ వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆ పక్కింట్లో హైదరాబాదు నుంచి వచ్చిన పడుచు జంట ఉంటున్నారు, ఇద్దరికీ ఐటీ ఉద్యోగాలు, మంచివాళ్ళు, కనపడితే ఆంటీ అంటూ ఆగి పలకరిస్తారు. మధ్య గోడ తీసేసి పెద్ద చెక్క కంచె కట్టించుకున్నారు, దానిమీదుగా మాట్లాడాలంటే స్టూలు ఎక్కాలి. కోచ్ గారి క్లబ్బు మైదానంలో ఫ్లాట్లు లేచాయి. శనివారం మధ్యాహ్నాలు గాలివాటంగా వచ్చే జనం హోరు లేక మా వీధి ఖాళీగా ఉంటుంది. ఇప్పటి ఆటలో దెబ్బ తగిలితే నలుగురు డాక్టర్లు, పది కెమెరాలు, ఎవరు ఆలస్యంగా వచ్చారో అంగుళాలతో సహా తెర మీద చూపిస్తున్నారు; ఇంట్లో కూచున్న వాళ్ళందరికీ తెలిసిపోతుంది. ఒక మనిషి ఒంటరిగా నలభై ఏళ్ళు మోయవలసిన నిజం ఇక ఎవరికీ ఉండదేమో. మంచిదే. మనసెందుకో దాన్ని మంచిదని పూర్తిగా ఒప్పుకోదు, మనతరం మనుషులం అలాంటివి మోస్తూనే పెద్దవాళ్ళమయ్యాం కాబట్టి కాబోలు.

కిందటి నెల ఆ ట్రామ్ డ్రైవరు మా ఇంటికి టీకి వచ్చాడు. మెట్లు ఎక్కడం కష్టమవుతోంది, ఎడమ తుంటి కూడా అరిగింది. చాలాసేపు కూచుని, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో కోటు గుండీలు పెట్టుకుంటూ, నవ్వుతూనే అన్నాడు, "నా కాలు ఎలా ఉందని అడిగేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు." నేను ఫిజియోని, అడగడం నా వృత్తి, నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆగిపోయాను. ఆ ప్రశ్న నాది కాదు. అతను కర్ర తీసుకుని, రెయిలింగు పట్టుకుని, మెల్లగా మెట్లు దిగి వెళ్ళాడు.